సారలు ఎవరి మాట వింటది?

గోదావరిఖనిలో కొత్త బొగ్గుబాయిలు తెరుచుకుంటున్న రోజులవి. నైట్ షిఫ్టు దిగి వచ్చిన మొగిలి అప్పుడే నడుం వాల్చాడు. నాలుగేళ్ల కూతురు సారలు మంచం కింద దూరి, బయటికొచ్చి, బిందె మీదికెక్కి దాన్ని కాస్తా దొర్లించింది. మొగిలి లేచి బిడ్డ వీపున ఒక్కటి చరిచాడు.

"దీనికి గాలి సోకింది. తాయెత్తు కట్టియ్యిన్రి అంటె వినరు," అంది అతని తల్లి సమ్మవ్వ.

సారలు తల్లి మల్లక్క ఒలికిన నీళ్లు ఊడ్చింది. కాలనీ బాలవాడిలో ఆమె తల్లుల క్లాసుకు వెళ్తోంది. నిలకడలేని పిల్లలకు కళ్లలోకి చూసి చెప్పాలట, ఒకసారికి ఒకే పని చెప్పాలట, చేస్తే మెచ్చుకోవాలట. రమామణి పంతులమ్మ చెప్పిన ఆ మాటలకు మల్లక్కకు మొదట నవ్వొచ్చింది. తర్వాత చేసి చూడాలనిపించింది.

"బిడ్డను పెంచుడు సుత క్లాసుకు పోయి నేర్సుకుంటరా? ఇయ్యాల్టి నుంచి బందు!" అన్నాడు మొగిలి.

"నేను చెప్తె వింటున్నది. నువ్వే సూస్తలేవు."

"నా మాట ఎన్నడన్న విన్నదా?"

మాట మాట పెరుగుతుండగా రమామణి గుమ్మంలోకి వచ్చింది. క్లాసు పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి ఆమె ఇల్లిల్లూ తిరుగుతోంది.

"పంతులమ్మా, మీ క్లాసుతోని పిల్లలు బాగయితరా? నిజం చెప్పున్రి," నిలదీశాడు మొగిలి.

"నిజం చెప్పాలంటే నాకింకా తెలియదు. క్లాసుతోనే మారుతున్నరో, వయసుతోని వాళ్లే కుదురుతున్నరో! అందుకే క్లాసుకు రాని ఇండ్లకు కూడా పోతున్న. మీ బిడ్డ తల్లి మాట వింటది, మీ మాట వినదంటున్నరు. ఎందుకో చూడాలని ఉంది."

తెలియదని ఒప్పుకునే పంతులమ్మను మొగిలి ఎన్నడూ చూడలేదు. అతనికీ కుతూహలం పుట్టింది. మంచం మీద కూర్చుని అక్కడినుంచే కేకేశాడు. "సారలూ! తలుపెయ్యి, తువ్వాల తే, చెంబు ఏడున్నదో సూడు!"

సారలు తలుపుదాకా పరుగెత్తి, గడప మీది పిచ్చుకను చూస్తూ నిలబడిపోయింది. మొగిలి పళ్లు కొరికాడు.

"దగ్గరికి పోయి ఒక్కటే చెప్పు," అంది మల్లక్క మెల్లగా.

అతను లేచి వెళ్లి బిడ్డ ముందు కూర్చున్నాడు. "బిడ్డా, ఇటు సూడు. చెంబు తే."

సారలు వెళ్లింది. దారిలో ఒకసారి ఆగి వెనక్కి చూసింది. చెంబు తెచ్చి తండ్రి చేతికిచ్చింది. మొగిలి మొహం వెలిగిపోయింది. "శభాష్!" అంటూ తల నిమరడానికి చెయ్యెత్తాడు.

సారలు గభాల్న రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుంది.

ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

"కొట్ట బిడ్డా... నిన్ను కొట్ట," అన్నాడు మొగిలి. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. సమ్మవ్వ మొహం పక్కకు తిప్పుకుంది.

సారలు వేళ్ల సందులోంచి చాలాసేపు చూసింది. చేతులు దించి దగ్గరికొచ్చింది. "బాపూ, ఏడుస్తున్నవా?" అని అతని చెంప తడిమింది.

రమామణి వెళ్తుంటే మొగిలి వాకిట్లోకి వచ్చాడు. "పంతులమ్మా, క్లాసుల తండ్రులు సుత కూసోవచ్చునా?"

"మిమ్ములను పిలవాలని నాకే తోచలేదు. రండి," అందామె.

"మరి నాది బందేనా?" అంది వెనక నుంచి మల్లక్క.

మొగిలి తడికళ్లతోనే నవ్వాడు. "నువ్వు పక్కన లేకుంటె నాకెట్ల సమజైతది?"