నలభై ఒకటో ఎక్కం

“బంధం లేదు. దయచేసి పక్కకు తప్పుకోండి,” అంది వావితలుపు, మూడోసారి.

మంగతాయారుకి ఒళ్ళు మండిపోయింది. లోపల కూతురు నీలవేణి పురిటి నొప్పులతో “అమ్మా!” అని కేకలు పెడుతోంది. అల్లుడు ఎక్కడో నడిసముద్రంలో ఓడ మీద ఉన్నాడు. కన్నతల్లేమో గుమ్మం బయట!

ఈ కాలంలో ఆసుపత్రి గదులన్నిటికీ రక్తసంబంధం చూసి తెరుచుకునే వావితలుపులే. తల్లి రక్తం నుంచి ఒక బీజాంకం, తండ్రి నుంచి ఒకటి, బిడ్డకి సొంతంగా ఇంకొకటి. మూడూ గుణిస్తే పుట్టుసంఖ్య. తల్లి అంకంతో బిడ్డ సంఖ్య శేషం లేకుండా భాగహారమైతే తలుపు తెరుచుకుంటుంది. దేనితోనూ భాగం పోకపోతే అది ఒంటిసంఖ్య, అంటే నా అన్నవాళ్ళు లేని మనిషి.

నీలవేణిది ఒంటిసంఖ్య అని పుట్టిన రోజునే యంత్రం తేల్చేసింది.

“ఆసుపత్రిలో పిల్ల మారిపోయింది. ఆశ్రమంలో ఇచ్చెయ్,” అన్నాడు మొగుడు సత్తిరాజు.

“కన్నదాన్ని, నాకు తెలీదా?” అందామె. అతను యంత్రాన్నే నమ్మి పెట్టె సర్దుకున్నాడు. ముప్పయ్యేళ్ళయింది.

ఆ సంఖ్యలు ఇన్నాళ్ళూ యంత్రాల కడుపులోనే ఉండేవి. ఈ కొత్త తలుపు మాత్రం తెర మీద చూపిస్తోంది. బిడ్డ 2,52,601. తల్లి 41. తండ్రి 61.

“ఇది నిజంగా భాగించి చూసిందా?” అని కాపలా జోగారావుని నిలదీసింది.

“ముందు శీఘ్రపరీక్ష చేస్తాదండి. ఒంటిదని తేలితే ఇంక భాగించదండి. టైము దండగ కదండీ.”

“దండగా? నా కూతురు చస్తోందిరా అక్కడ!”

లెక్కలన్నీ యంత్రాలకి వదిలేశాక ఎక్కాలు వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకెవరూ లేరు. మంగతాయారు మాత్రం జాకెట్లు కుట్టే మనిషి, కొలతలు నోటితోనే వేసుకుంటుంది. సంచిలోంచి దర్జీ సుద్ద తీసి తలుపు మీదే భాగహారం మొదలుపెట్టింది. నలభై ఒకటి ఆర్లు రెండొందల నలభై ఆరు. మిగిలింది ఆరు. ఒక్కటి, మళ్ళీ ఆరు, మళ్ళీ ఒక్కటి.

శేషం సున్నా.

పైన 6161 నిలిచింది. అరవై ఒకటి, పక్కనే ఇంకో అరవై ఒకటి! అంటే సత్తిరాజు అంకం కూడా అందులో ఉన్నట్టే; మిగిలిన నూట ఒకటి నీలవేణి సొంతం. భాగాలున్నా ఆ శీఘ్రపరీక్షలో ఒంటివాటిలాగే నెగ్గే సంఖ్యలు అరుదుగా ఉంటాయి. నీలవేణికి అలాంటిదే దక్కింది.

జోగారావు ఆ సుద్ద గీతల్ని చూసి మొహం మాడ్చుకున్నాడు. తాళం తిప్పాడు.

సాయంత్రానికి మనవరాలు మంగతాయారు ఒళ్ళోకి వచ్చింది. యంత్రం తన తప్పు దిద్దుకుని బంధువులందరికీ కబురు కూడా పంపిందట. చేతిలో మిఠాయి పొట్లంతో సత్తిరాజు దిగాడు. జుట్టంతా నెరిసిపోయింది.

“స్వాగతం. తాతగారికి ప్రవేశం ఉంది,” అంటూ తలుపు దానంతటదే తెరుచుకుంది.

“యంత్రం అలా చెప్పింది కదా మంగా, నేనేం చేసేది?”

“నేనూ చెప్పాను కదయ్యా! పచ్చి బాలింతని, నీ కాళ్ళు పట్టుకుని మరీ చెప్పాను. నా మాట వినడానికి నీకు ఏ యంత్రం కావాల్సొచ్చింది?”

సత్తిరాజు గుమ్మంలోంచి ఒకడుగు వెనక్కి వేశాడు. ఆమె పసిదాన్ని నీలవేణి పక్కలో పడుకోబెట్టింది. తలుపు చేత్తో తోసి మూసింది. దానికి లోపల గొళ్ళెం లేదు. స్టూలు అడ్డంగా లాగి, తలుపుకి వీపు ఆనించి కూర్చుంది.

“ఎవరమ్మా వచ్చింది?” అంది నీలవేణి మగతగా.

“ఎవరో గది తప్పి వచ్చారు. నువ్వు పడుకో.”

ఆమె వీపు వెనక తలుపు ఇంకా చెబుతూనే ఉంది, ప్రవేశం ఉంది, ప్రవేశం ఉంది అని.