వేలానికి వెళ్ళిన రేకు బొమ్మలు

పొద్దున్నే కూతురు వచ్చేసరికి తండ్రి ముందుగదిలో పాత పేపర్లు పరుచుకుని కూర్చున్నాడు. జీవితమంతా లిఫ్టులు బాగుచేసిన చేతులు ఒక్కో రేకు బొమ్మనీ పసిబిడ్డకి నీళ్ళు పోసి చుట్టినట్టు చుడుతున్నాయి. కీ ఇస్తే డప్పు కొట్టే ఎలుగుబంటి, మొగ్గలేసే కోతి, గుండ్రంగా తిరిగే రైళ్ళు. మొత్తం డెబ్బై పైచిలుకు. పదింటికి వేలం కంపెనీ వ్యాన్ వస్తుంది.

"టీ పెట్టనా నాన్నా?"

"తాగాను. నువ్వా అట్టపెట్టెలకి అంకెలెయ్యి."

ఆమె అంకెలు వేస్తోందేగానీ లోపల ఉడికిపోతోంది. ఈ బొమ్మలుండే అద్దాల బీరువాకి ఎప్పుడూ తాళమే. తన చిన్నప్పుడు ఒక ఆదివారం అది తెరిచి ఉండటం చూసి, ఆరేళ్ళ తమ్ముడు స్టూలెక్కి ఎలుగుబంటిని తీశాడు. కీ విరిగింది. తండ్రి వాడి చెంప పగలగొట్టాడు. ఆ వారంలోనే వాడికి జ్వరం తగిలింది. ఆసుపత్రికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఆ దెబ్బ సంగతి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఎలుగుబంటి చేతికి రాగానే ఆమె ఆగలేకపోయింది.

"అప్పుడే ఇది వాడి చేతిలో పెట్టి ఉంటే నీ సొమ్మేం పోయేది?"

తండ్రి చేతులు ఆగిపోయాయి.

"వాడు పోయాక కూడా కొంటూనే ఉన్నావు. అమ్మ అక్కడ ఏడుస్తుంటే ఇక్కడ బొమ్మలు తుడుచుకుంటూ కూర్చున్నావు. నీది గుండేనా?"

ఆయన చేతిలోని బొమ్మని కింద పెట్టాడు.

"ఆసుపత్రిలో వాడికి చెప్పాను, ఇంటికి రారా, బొమ్మలన్నీ నీవే అని. వాడు నా వేలు పట్టుకుని, 'మళ్ళీ కొట్టవుగా?' అన్నాడు."

ఆమె ఎలుగుబంటిని ఒళ్ళో పెట్టుకుంది.

"మాటిచ్చాక అవి నావెలా అవుతాయమ్మా? ఏటా వాడి పుట్టినరోజుకొకటి కొని అందులో కలిపాను. మీ అమ్మకి కూడా చెప్పలేకపోయాను."

"మరిప్పుడు అమ్మడమెందుకు?"

"ఈమధ్య కళ్ళు మూసుకుంటే బొమ్మలే కనిపిస్తున్నాయి. వాడి మొహం రావట్లేదు. వాడి ఫొటో బయటికి తీసి చూస్తే, ఎవరో బిగుసుకుని నిలబడ్డట్టుంది."

వ్యాన్ వచ్చింది. పెట్టెలు వెళ్ళిపోయాయి.

రెండు వారాల తర్వాత వేలం హాల్లో ఇద్దరూ చివరి వరసలో కూర్చున్నారు. ఎలుగుబంటి వంతు రాగానే కూతురు చెయ్యెత్తబోయింది. తండ్రి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"పోనీ తల్లీ."

సుత్తి దెబ్బ పడింది. ఎవరో కళ్ళజోడాయన కొనుక్కున్నాడు.

తిరుగు బస్సులో తండ్రి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కూతురు మెల్లగా మొదలుపెట్టింది.

"వాడికి ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి, గుర్తుందా? నవ్వొస్తే చేత్తో నోరు మూసుకునేవాడు. ఆగకపోతే నీ వెనక్కొచ్చి దాక్కునేవాడు."

"నా వెనకా?"

"నీ వెనకే. దెబ్బ తిన్న రోజు కూడా ఏడ్చి ఏడ్చి నీ పక్కలోకే వచ్చి పడుకున్నాడు. నీ మెడ చుట్టూ చెయ్యేసుకుని. నీకు మెలకువ రాలేదు, నేను చూశాను."

తండ్రి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

"ఈ మాట నీకు చెప్పొచ్చని తెలిసీ చెప్పలేదు నాన్నా," అంది కూతురు. "కోపంతో ఇన్నేళ్ళూ నా దగ్గరే దాచుకున్నాను."

ఆయన తడి చేత్తోనే ఆమె తల నిమిరాడు.

"ఇంకా చెప్పమ్మా," అన్నాడు.