గంగమ్మ వాటా

పరుగు!

జీడి కొమ్మలు మొహానికి కొడుతున్నాయి. ఎస్సై హిమజ ఆగడం లేదు.

కుడిచేతిలో పిస్టల్. మెడలో రికార్డర్. చెవుల్లో హెడ్‌ఫోన్స్... వాటిలో చప్పుడు లేదు.

మైక్ చచ్చింది. మరి సుమన్? బతికే ఉన్నాడా?

"మేడమ్, ఫోర్స్ రానీయండి! పలాస నుంచి బయల్దేరారు!" వెనక కానిస్టేబుల్ మణిదీప్ రొప్పుతున్నాడు.

"వాళ్లొచ్చేసరికి కుర్రాడి పీక తెగిపోద్ది. పరిగెట్టు!"

తోట దాటితే సముద్రం. ఒడ్డున ధనరాజు షెడ్డు. అందులోకి మైక్ ఇచ్చి సుమన్‌ని పంపింది తనే. 

ధనరాజుకి పడవలున్నాయి. వాటిలో చేపల కంటే గంజాయి ఎక్కువ. అది చూసిన పాపానికి సుమన్ అన్న సూర్యం పోయిన నెల సముద్రంలో శవమయ్యాడు. ప్రమాదమని ఊరంతా నమ్మింది. షెడ్డులో వంట చేసే సుమన్ నమ్మలేదు. నమ్మినట్టు నటించి, హిమజ దగ్గరికొచ్చాడు.

సాక్షులు లేరు. ధనరాజు నోటితోనే చెప్పించాలి. అందుకే ఈ మైక్!

అరచేతంత నల్లటి బిళ్ల. నోటి దగ్గర పట్టుకోనక్కర్లేదు, బల్ల మీద పడుకోబెడితే చాలు. చుట్టూ ఎంతమంది కూర్చున్నా అందరి మాటా పట్టేస్తుంది. గుసగుసలు కూడా! సుమన్ దాన్ని బల్ల మీద పెట్టి దోమల మిషన్ అన్నాడు. ఎవరూ రెండోసారి చూడలేదు. దాని వైరు గోడ కన్నంలోంచి, ఇసక కిందుగా, తోటకి ఇవతల పాకలో కూర్చున్న హిమజ దాకా వచ్చింది.

అంతా బాగానే నడిచింది.

"సూర్యంగాడ్ని నీళ్లలోకి తోసీసినా, పడవకాడికి ఈదుకుంటా వచ్చీసినాడ్రా! తెడ్డు తీసి నెత్తి మీద ఒక్కటిచ్చినాను. మరి పైకి నెగనేదు."

ధనరాజు నవ్వు కూడా రికార్డయింది. ఇక చాలు, వెళ్లి పట్టుకుందాం అని హిమజ లేచేలోపు... సారా సీసా మూత తీసిన చప్పుడు.

చేపల వేటకెళ్లే ఇళ్లలో పుట్టినవాడెవడూ సముద్రపు తల్లి గంగమ్మకి ఆమె వాటా పోయకుండా గుక్క వెయ్యడు. సముద్రం మీదైతే నీళ్లలో పోస్తాడు. ఈ షెడ్డులో అయితే బల్ల మీద. పోసింది ఎవరూ తుడవరు.

ధనరాజు పోశాడు. నేరుగా మైక్ మీదే!

చెవుల్లో బరబర... ఆ వెంటనే గరగరమని ఒకటే రుద్దుడు. ఎవరో తువ్వాలుతో బల్ల తుడుస్తున్నారు. మైక్ తడిసిపోతుందన్న కంగారులో... సుమన్!

తర్వాత ధనరాజు గొంతు. చాలా మెల్లగా.

"ఒరే... గంగమ్మకి పోసింది తుడిసీసినావేటి? ఏటకెల్లే ఇంట్లో పుట్టినోడు ఆ పని సేత్తాడేట్రా? ఆ దోమల మిషన్‌లో ఏటుంది?"

ఫెడేల్మని దెబ్బ. అరుపు. ఆపైన ఏమీ వినబడలేదు. హిమజ రికార్డర్‌కున్న వైరు పీకేసి పరుగందుకుంది.

తోట అయిపోయింది!

కొబ్బరిచెట్టు చాటు నుంచి ఒకడు దూకాడు. కత్తి మెరిసింది. మణిదీప్ భుజం ఎముక దాకా తెగింది. "అమ్మా!" అంటూ కూలబడ్డాడు.

హిమజ కాల్చింది. ధాం! వాడి మోకాలు పగిలింది. కత్తి వదిలేసి ఇసకలో పొర్లాడుతున్నాడు. ఆ మోతకి షెడ్డులో మిగిలినవాళ్లు తలోదిక్కు పారిపోయారు.

మునిమాపు వెలుతురులో ఇంజిన్ పడవ. పక్కనే ధనరాజు. అతని చేతుల్లో సుమన్... ఒక కన్ను వాచి మూసుకుపోయింది. పళ్లు రాలి నోరంతా రక్తం. పీక మీద చేపలు కోసే కత్తి!

"ఆగవే! గన్ను కింద పడీ. నేకపోతే ఈడి పీక కోసీత్తాను!"

కత్తి నొక్కాడు. సుమన్ మెడ మీద ఎర్రటి గీత తేలింది.

"కాల్సీయండి మేడమ్! నాను సచ్చినా పర్నేదు... కాల్సీయండి!"

హిమజ పిస్టల్ ఇసకలో పడేసింది. కేసు ఇంకోటి పెట్టుకోవచ్చు. పోయిన ప్రాణం తేలేదు.

"ఆ మెళ్లోదేటి? నా మాటలన్నీ దాన్లోనేనా?"

"అవును."

"ఇలా ఇసురు!"

రికార్డర్ మెళ్లోంచి తీస్తూ బొటనవేలితో పక్కన నొక్కింది. మాటలన్నీ దాచుకున్న గోరంత మెమరీ కార్డు బయటికొచ్చింది. పిడికిట్లో దాచి, రికార్డర్ విసిరేసింది.

ధనరాజు దాన్ని పడవ అంచుకేసి బాదాడు. మళ్లీ బాదాడు. ముక్కలు అలల్లోకి గిరాటేశాడు.

"ఇంకేటుంది మేడమ్ నీకాడ? టెక్కలి కోర్టుకెల్లి ఏటి సూపిత్తావు?"

సుమన్ ఆ ముక్కల వైపే చూస్తున్నాడు.

ధనరాజు అతన్ని ఒక్క తన్ను తన్ని పడవ వైపు తిరిగాడు. సుమన్ హిమజ కాళ్ల ముందు బోర్లా పడ్డాడు.

బతికాడు! హిమజకి ఏడుపొచ్చినంత పనైంది. ధనరాజు పడవెక్కితే మాత్రం ఎంతదూరం పోతాడు? మెరైన్ పోలీసులకి ఒక్క ఫోన్ చాలు. కార్డు ఉందని సుమన్‌కి చెప్పాలి... కానీ ఆ కత్తి ఇంకా దగ్గర్లోనే ఉంది. వాడు వింటే మళ్లీ మీదపడతాడు.

ఒక్క క్షణం ఆగింది.

సుమన్ చెయ్యి పిస్టల్ మీద పడింది.

"వద్దురా! సుమన్, వద్దు! కార్డు..."

"మా అన్నని సంపినోడు ఎల్లిపోతన్నాడు మేడమ్!"

ధాం!

ధనరాజు వెనక్కి తిరిగాడు... నమ్మలేనట్టు చూశాడు.

ధాం! ధాం!

పడవ అంచు మీంచి జారి నీళ్లలో పడ్డాడు. అల వచ్చి అతన్ని దొర్లించింది.

సుమన్ పిస్టల్ ఆమె చేతికే ఇచ్చాడు. 

"సాచ్చెం పోనాది కదా మేడమ్. మరేటి సెయ్యమంటారు?"

హిమజ రెండో చేతి పిడికిలి విప్పింది.

"ఏటది మేడమ్?"

ఆమె కార్డుని రెండు వేళ్లతో పైకెత్తింది.

"మీ అన్న కేసురా" అంది.