పద్నాలుగో నంబర్ కప్ప

"మీ కప్పల నోరు జర మూయిస్తరా?"

దేవిశ్రీతోని నేను మాట్లాడిన మొట్టమొదటి మాట ఇదే. గొప్పగ ఏం లేదు, నాకు తెలుసు.

ఆమె స్పీకర్‌ల కప్పల అరుపులు ఆపి, నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ముందు మీ రికార్డర్‌లో ఇంటి ఓనర్ల నోరు మూయించండి. పొద్దుటినుంచి 'బ్యాచిలర్సా, నాన్‌వెజ్ తింటారా, మీరేమిట్లు' అని ఒకటే గోల. నా కప్పలే నయమండి, కులం అడగవు."

మా యూనివర్సిటీల పాత బిల్డింగు కురుస్తుందని, అన్ని డిపార్ట్‌మెంట్ల స్కాలర్లను తెచ్చి ఒక్క రూముల పడేసిండ్రు. బయట 'అంతర్విభాగ పరిశోధనా కేంద్రం' అని బోర్డు పెట్టిండ్రు. లోపల ఆరు టేబుళ్ళు, ఒక ఫ్యాను.

కృష్ణప్రియ ఫిజిక్స్. ఆమె ఒక నక్షత్రాన్ని చూస్తుంటది. అది ఎప్పుడో సచ్చిపోయిందంట, వెలుగు మాత్రం ఇప్పుడొస్తుందంట. బాలు తెలుగు. జోలపాటలల్ల ఎన్ని 'లాలి'లు ఉన్నయో లెక్కపెడ్తడు, మధ్యల నిద్రపోతడు. సురేంద్రది కెమిస్ట్రీ. టిఫిన్ డబ్బాల చేపల పులుసు వాసన ఎందుకు పోదో కనిపెడ్తనని అయిదేండ్ల సంది డబ్బాలు తెరుస్తుండు. మహేశ్ ఎకనామిక్స్, ఎప్పుడో గాని రాడు. నేను, ఓంకార్, సోషియాలజీ. కోకాపేట నుంచి మూసాపేట దాక ఇల్లు కిరాయికి ఇచ్చేముందు ఓనర్లు ఏమేం అడుగుతరు, అదే నా థీసిస్.

మా కిటికీల నుంచి చూస్తే ఐటీ టవర్లు కనబడ్తయి. ఆడ లక్షమంది ఒక్కటే పని చేస్తుంటరు. ఈడ మేం ఆరుగురం ఆరు రకాల పనికిరాని పనులు చేస్తుంటం. ఎవల పని ఎవలకు సమజ్ కాదు, అందుకే దోస్తులమైనం.

దేవిశ్రీది జంతుశాస్త్రం. వాళ్ళ నాయిన భీమవరం నుంచి వచ్చి ప్రగతి నగర్‌ల ఇల్లు కట్టుకున్నడు. ఆడున్న చెరువుల బోదురు కప్పలు ఎప్పుడు, ఎంత దూరం పోతయో ఆమె చదువుతది. పదిహేను కప్పల నడుములకు చిన్న చిన్న ట్రాకర్లు కట్టింది. అయిదు నిమిషాలకొకసారి అవి యాడున్నయో ఆమె ల్యాప్‌టాప్ మ్యాప్ మీద ఒక చుక్క పడ్తది.

"మగ కప్ప అరిస్తే ఆడ కప్ప వెతుక్కుంటూ వస్తుందండి" అన్నదొకనాడు చాయ్ తాగుకుంట.

"అరవకుంట మనసుల అనుకుంటె?"

"ఆ కప్పకి పిల్లలు పుట్టరు."

నేను చాయ్‌ల మొఖం పెట్టిన.

జులై అయిపోవచ్చింది. చినుకు లేదు. వాన పడకుంటె కప్ప కదలదు, కప్ప కదలకుంటె థీసిస్ కదలదు. ఆమెకు ఇదే ఆఖరి ఏడాది. ఒకరోజు టేబుల్ మీద తల పెట్టి, "ఒక్క వాన చాలండి ఓంకార్ గారూ" అని ఏడ్చింది. నాకు పానం వశం కాలేదు.

ఇంటికి పోయి అన్నం తినుకుంట మా నానమ్మ రాజమ్మకు చెప్పిన.

"కప్పతల్లి ఆడకుంట వానెట్ల పడ్తది రా?" అన్నది నానమ్మ. "రోకలికి కప్పను కట్టి, యాపమండలు పెట్టి, ఇల్లిల్లు తిరిగి నీళ్ళు పోపిస్తె మొగులు ఉరుకొస్తది. మూసాపేటల ఇగ కప్పలేడున్నయి? అంత సిమెంటే."

"ప్రగతి నగర్ చెరువుల మస్తున్నయి" అన్న, వేళ్ళు నాకుకుంట.

నేను చేసింది గంతే. దేవుని మీద ఒట్టు.

సోమవారం పొద్దుగాల రూములకు పోంగనే దేవిశ్రీ నా చెయ్యి పట్టుకొని గుంజింది. అదే మొదటిసారి ముట్టుకోవుడు.

"పద్నాలుగో నంబర్ చూడండి. రెండు నెలలుగా గట్టు దాటనిది, నిన్న ఒక్కరోజే ఏడు కిలోమీటర్లు వెళ్ళింది. వాన లేకుండా. బోదురు కప్ప ఇంత దూరం వెళ్ళినట్టు ఎక్కడా రికార్డు లేదండి."

నేను చూసిన. ఎర్ర చుక్కలు నిజాంపేట రోడ్డు మీద నీట్‌గ పోయినయి. జేఎన్టీయూ కాడ ఎడమకు తిరిగినయి. డివైడర్ దాటలె, రాంగ్ రూట్ పోలె.

"జేఎన్టీయూ సిగ్నల్ కాడ ఇన్ని చుక్కలేంది?"

"అక్కడ అరగంట విశ్రాంతి తీసుకుంది."

"ఆడ అందరం తీసుకుంటం" అన్న.

ఆమె వినలేదు. ఆఖరి చుక్క మీద మ్యాప్ పెద్దగ చేసింది. మూసాపేట మెట్రో ఎన్క గల్లీ, వంకర రేకుల షెడ్డు, పక్కన నీలం ట్యాంకు. అది మా ఇల్లు. నేను పుట్టిన ఇల్లు.

"చెమటలు పడుతున్నాయేంటండి?"

"ఫ్యాను తిరుగుతలేదు గద."

"తిరుగుతోందిగా."

అప్పటికే ఆమె గైడ్ రామ్మోహనరావు సారు వచ్చి భుజం తట్టి పోయిండంట. గురువారం రీసెర్చ్ డే. అన్ని డిపార్ట్‌మెంట్ల ముందట, పెద్ద హాల్‌ల ఆమెకు ఇరవై నిమిషాలు. "నా థీసిస్ బతికిందండి" అని నవ్వింది. ఆమె అట్ల నవ్వంగ నేనెన్నడూ చూడలె. కప్ప సంగతి చెప్పకుంటనే బ్యాగ్ ఏస్కున్న.

ఇంటికి ఉరికిన. వాకిట్ల, పొద్దుగాల నేను దాటి పోయిన బకెట్, బకెట్‌ల యాపమండలు, వాటి నడుమ పద్నాలుగో నంబర్ దర్జాగ కూసుంది.

"ఇదే ఎందుకు పట్టుకొచ్చినవే?"

"దీని నడుముకు మొలతాడుండె బిడ్డా. ఎవలో మొక్కి విడిచిండ్రనుకున్న. మొక్కిన కప్ప ఇంక మంచిది గదా అని ఆటోల తెచ్చిన."

"అది మొలతాడు కాదు, యంత్రం."

"యంత్రం కట్టినదా? ఇగ వాన పడ్డట్టే" అని నానమ్మ దండం పెట్టింది.

"విడిచిపెట్టు."

"వాన పడ్డంక."

సురేంద్రను అడిగితే, "చెప్పకు రా. సైన్స్‌ల శానా తప్పులు పోతయి, ఇదొకటి పోతది. చెప్తె పిల్ల పోతది" అన్నడు. మంగళవారం నోరు మూసుకున్న. బుధవారం మూసుకున్న. ఆమె పోస్టర్ అంచులు నా చేతులతోనే కత్తిరించిన. వాళ్ళమ్మ జయలక్ష్మి గారు రూమంతటికీ పూతరేకులు పంపింది. నాలుగు తిన్న. అయిదోది తిరిగి డబ్బాల పెట్టిన.

గురువారం, ఇంకో పది నిమిషాలల్ల ఆమె పేరు పిలుస్తరనంగ, ఇగ నా వల్ల కాలె.

"దేవిశ్రీ గారూ, ఆ కప్ప నడవలేదు."

"కప్ప నడవదండి, గెంతుతుంది."

"గెంతనుగూడ లేదు. ఆటోల పోయింది. మా నానమ్మతోని."

మొత్తం చెప్పిన. కప్పతల్లి, మొలతాడు, బకెట్, అన్నీ. ఆమె ముఖంల రంగు పోయింది.

"మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"సోమవారం నుంచి."

"పోస్టర్ కత్తిరించింది మీరే కదా?"

"అవు."

పోస్టర్ తీసుకొని లోపలికి పోయింది. నేను ఎన్క తలుపు కాడ నిలబడ్డ. ఆమె ఏం చెప్పకపోతే ఎవలకు తెలుస్తది? మూసాపేటకు పోయి ఏ ప్రొఫెసర్ చూస్తడు?

ఆమె మైక్ ముందట నిలబడి, పోస్టర్ మడతపెట్టి పక్కన పెట్టింది.

"నా పద్నాలుగో నంబర్ కప్ప ఆటోలో ప్రయాణం చేసింది. ఒక పెద్దావిడ వాన కోసం దాన్ని తీసుకెళ్ళారు. నేను ఆ చోటుకి వెళ్ళి చూడకుండా, మ్యాప్ చూసి సంబరపడ్డాను. తప్పు నాది. మిగతా పద్నాలుగు కప్పలూ చెరువు దాటలేదు."

హాల్ పగిలేటట్టు నవ్విండ్రు. రామ్మోహనరావు సారు ఆముదం తాగిన మొఖం పెట్టిండు. ఆమె కండ్లల్ల నీళ్ళు నాకు అంత దూరం నుంచి కనబడ్డయి. అప్పుడు వృక్షశాస్త్రం పార్వతమ్మ మేడం లేచింది.

"ఎందుకు నవ్వుతారు? వాన లేని ఏడాది కప్పలు కదలలేదు, అదీ ఫలితమే. రాసుకో తల్లీ. ఈ హాల్లో 'నా లెక్క తప్పు' అని మైక్‌లో చెప్పినవాళ్ళని ముప్ఫై ఏళ్ళలో ఇవాళే చూశాను."

దేవిశ్రీ బయటికి వచ్చి, నా మొఖం చూడకుంటనే అడిగింది. "నా కప్ప ఎక్కడ?"

రాయదుర్గంల మెట్రో ఎక్కినం. అమీర్‌పేటల రైలు మారినం. మూసాపేటల ఆమె నాకంటె ముందే దిగింది. వాకిట్ల నానమ్మ ఆమెను చూసి లేచి నిలబడ్డది.

"గీ పిల్లదేనా కప్ప? నా వల్ల నీ చదువు ఖరాబైందా బిడ్డా?"

"లేదండి, మీరేం చేశారు. నన్ను పిలవకుండా ఆడారు కప్పతల్లి, అదే కోపం."

నానమ్మ బకెట్ పట్టుకొని ఆటో ఎక్కింది. ముగ్గురం, ఒక కప్ప, ప్రగతి నగర్. పొద్దు గూకుతుండె. గట్టు మీద విడిస్తె కప్ప మా దిక్కు తిరిగిగూడ చూడలె, నీళ్ళల్ల దుంకింది.

"మూడు రోజులు ఎందుకు చెప్పలేదు?" అన్నది దేవిశ్రీ.

"మీరు నవ్విండ్రు. చెప్తె ఆ నవ్వు పోతదని భయమైంది."

"మరి ఇవాళ ఎందుకు చెప్పారు?"

"మీరు నాతోని మాట్లాడకున్నా సరే గని, అబద్ధం మీద మిమ్మల్ని నిలబెట్టొద్దనిపించింది."

ఆమె గట్టు మీద కూసుంది.

"ఇంకేమైనా దాచారా?"

"ఒకటుంది."

"చెప్పండి."

"మీరంటె నాకు పానం."

"ఇది మూడు రోజులు కాదండి, మూడు నెలలు లేటు. రూములో నాకు తప్ప అందరికీ చెప్పారట."

"మరి మీరు?"

"మ్యాప్ చూసి సంబరపడటం మానేశాను. అందుకే ఇవాళ మీ ఇంటికి వచ్చి, చోటు చూశాను, మీ నానమ్మగారిని చూశాను, మిమ్మల్నీ చూశాను."

"చూసి?"

"ఇది నిజమేననిపించింది" అన్నది, నా చిటికెన వేలు పట్టుకొని.

ఎన్కనుంచి నానమ్మ ఖాళీ బకెట్ ఊపుకుంట కేకేసింది. "ఓ పిల్లా, మీ అమ్మను అడగనీకె నేనెప్పుడు రావాలె?"

"ఆదివారం రండి నానమ్మగారూ" అన్నది దేవిశ్రీ. "బకెట్ మాత్రం ఇంట్లో పెట్టి రండి."