సైగతాడు

బనగానపల్లె పక్కనున్న ఆ ఊర్లో మొదటి ట్రాక్టరు దిగింది యాభై ఆరులో. చూడడానికి నాలుగూళ్ల జనం సద్దిమూటలు కట్టుకుని వచ్చినారు. మరుసటి ఎండాకాలానికి అదే ట్రాక్టరు కల్లం మూల పందిరి కింద పడి ఉండింది. కోళ్లు తప్ప దాని దగ్గరికి ఎవరూ పోయేవాళ్లు కాదు.

దాని మీద చచ్చిపోయింది కాశన్న. దేవేంద్రప్పకూ సిద్దమ్మకూ ఒక్కడే కొడుకు. ఇరవై రెండేళ్లు.

లారీ వెనక ట్రాక్టరును కట్టి లాక్కుపోవాలంటే దాని మీద ఒక మనిషి ఉండి తీరాల. స్టీరింగు తిప్పాల, దిగుడులో బ్రేకు తొక్కాల. మట్టిబాటలో లారీ లేపే దుమ్ముకు ఆ మనిషి ముందువాళ్లకు కనపడడు. ఇంజను రొదలో గొంతు చించుకున్నా వినపడడు. అందుకని లాగే మోకు గాక ఇంకొక సన్నతాడు ఉంటుంది. ఒక కొన ట్రాక్టరు మీది మనిషి చేతికి, ఇంకొక కొన లారీ వెనక చెక్క దగ్గర కూచున్న మనిషి మణికట్టుకు. ఒకసారి లాగితే ఆపమని. రెండుసార్లు లాగితే పోనిమ్మని. లాగుడు అందుకున్నవాడు పొడుగాటి కట్టెతో క్యాబిను మీద గుద్దుతాడు, డ్రైవరు వింటాడు.

మాఘంలో ఇంజను పట్టేస్తే బాగుకు పంపించాలని, బేతంచెర్లలో గూడ్సు ఎక్కించడానికి అట్లనే బయల్దేరినారు. ట్రాక్టరు మీద కొడుకు, లారీలో తండ్రి. కొండ దిగుడులో మోకు సడలింది. ట్రాక్టరు లారీ మీదికి ఉరికి, పక్కకు మళ్లి, గుంతలో తిరగబడింది.

"వాడు తాడు లాగనే లేదు. లాగింటే నేను ఆపించనా?" అని దేవేంద్రప్ప పాడె దగ్గర చెప్పినాడు. దినాల్లో చెప్పినాడు. ఎవరూ అడక్కపోయినా చెప్తానే ఉండినాడు.

సిద్దమ్మకు మూణ్ణెల్లుగా అదొక్కటే ముల్లు. బిడ్డ ప్రాణం పోయే ముందు పిలిచినాడా, పిలవలేదా? పిలవకుండా పోయింటే వానికి భయం తెలియలేదని ఆమె ఒక ముద్ద మింగగలదు. పిలిచింటే?

ట్రాక్టరును గూడ్సుకు చేర్చడానికి వైశాఖంలో లారీ మళ్లీ వచ్చింది. డ్రైవరు పేరు లేవి. ఆ పొద్దు తోలినవాడూ వాడే.

"ఈసారి మోకు వద్దప్పా. ఇనుపకడ్డీ తెచ్చినా. ఎంత దిగుడైనా ట్రాక్టరు లారీ మీదికి రాదు," అన్నాడు.

అంతా బాగానే ఉంది గానీ ఆ సీటు ఎక్కేదెవరు? ఊరంతా మీసాలకు కొదవలేదు. ఒక్క మీసమూ ముందుకు రాలేదు.

"నువ్వెక్కు," అనింది సిద్దమ్మ మొగునితో. "తాడు నేను పట్టుకుంటా."

"ఆడదానివి, లారీ ఎక్కుతావా? నలుగురు నవ్వుతారు."

"మగోడు పట్టుకుంటే ఏమయిందో చూసినా గదా. నవ్వేవాళ్లను వచ్చి ఆ సీటులో కూచోమను."

పొద్దు వంగినాక కదిలినారు. సిద్దమ్మ తన కొనను కుడి మణికట్టుకు బిగించి కట్టుకుని, రెండో కొన మొగుని ఒళ్లోకి విసిరింది. లారీ మనిషి ఉరుకు కన్నా మెల్లగా పోతాంది. తోటల పక్కన మామిడిగంపల వాసన వచ్చింది. తర్వాత డీజిలు వాసన, తర్వాత నాపరాళ్ల పొడి. కడ్డీ కొక్కెంలో కటకటమని కొట్టుకుంటాంది. కొండ మొదలయ్యేసరికి పొద్దు గుంకింది. దుమ్ము ఎర్రగా ఉన్నది నల్లబడింది. మొగుడు మొదట మెడదాకా కనపడినాడు, తర్వాత తలపాగా, తర్వాత అదీ లేదు.

దిగుడు వచ్చింది.

కడ్డీ చప్పుడు ఆగిపోయింది. బండ్లు నడుస్తానే ఉండాయి. చప్పుడు మాత్రం లేదు...

మణికట్టు చురుక్కుమనింది. ఒకసారి.

సిద్దమ్మ కట్టెతో క్యాబిను మీద గుద్దింది. లారీ ఆగింది.

"ఎందుకు లాగినావయ్యా?"

దుమ్ములోంచి పీలగా వచ్చింది గొంతు. "నేను లాగలేదు."

"చెయ్యి తగిలింటుంది లెండి," అన్నాడు లేవి. మళ్లీ కదిలించినాడు.

పది బారలు పోలేదు. మళ్లీ ఒకసారి. వెంటనే ఇంకొకసారి. అది రెండు లాగుళ్ల సైగ కాదు. ఒక్కొక్కటీ ఆపమనేదే. ఆపు... ఆపు... ఆపు... తాడు చర్మాన్ని కోసింది. ఆమె భుజం చెక్కకు కొట్టుకుంది. ఎడమ చేత్తో కట్టె ఎత్తి క్యాబిను బాదింది.

లేవి లాంతరు పట్టుకుని దిగినాడు. దుమ్ము అణిగింది. దేవేంద్రప్ప రెండు చేతులూ స్టీరింగు మీదనే ఉన్నాయి, బిర్రబిగుసుకుని. తాడు ఆమె మణికట్టు నుంచి చెక్క దాటి, కిందికి జారి, బాట మీద పడి ఉంది. కొన ఎవరి చేతిలోనూ లేదు.

"చక్రం కింద పడిందేమో," అని లేవి వంగి చూసినాడు. చక్రానికి రెండడుగుల ఇవతలనే ఉంది కొన.

"తాడు ఎందుకు పట్టుకోలేదు?" సిద్దమ్మ గుసగుసగా అడిగింది.

"ముట్టుకోలేకపోయినా," అన్నాడు దేవేంద్రప్ప. "దుమ్ము లేస్తానే కిందికి తోసేసినా." సీటు దిగి లారీ దగ్గరికి వచ్చినాడు. "ఆ పొద్దు గూడా... నేను చేతికి కట్టుకోలేదు సిద్దీ. మణికట్టు ఒరుసుకుంటాందని ఇప్పి, ఆ చెక్కకు కట్టేసినా. వాడు నెమ్మదస్తుడు గదా, ఏమైతాదిలే అని..."

లాంతరు వెలుగులో ముగ్గురూ. లేవి తల దించుకున్నాడు.

"చెక్కకు కోత పడిందమ్మా. తాడు రాపిడికి. నేను మరుసటి పొద్దే చూసినా. చెప్పడానికి నోరు రాలేదు."

సిద్దమ్మ లారీ మీదనుంచే వేలుతో తడిమింది. చెక్క అంచున గోరు లోతు గాడి. ఒకసారి లాగితే పడే కోత కాదు అది. రెండుసార్లకూ కాదు.

"నా బిడ్డ పిలిచింది చెక్కనా?" అనింది. ఏడవలేదు. "మూణ్ణెల్లు నా పక్కన కూచుని నా చేతి కూడు తిన్యావే. పైకి రా."

అతను లారీ ఎక్కినాడు. ఆమె తన తాడు ఇప్పి అతని కుడి మణికట్టుకు కట్టింది. ముడి మీద ముడి వేసింది.

"ఇప్పుడు పట్టుకో. పోనీ లేవీ."

"అమ్మా, స్టీరింగు మీద మనిషి లేడు. ఇంకా మూడు మలుపులు ఉండాయి."

"పోనీ అంటాండా."

లేవి కదల్లేదు. అప్పుడు బాట మీద పడిన తాడు బిగిసింది. దేవేంద్రప్ప చెయ్యి రెండుసార్లు వెనక్కు పోయింది, మెల్లగా, లెక్కగా. పోనిమ్మని. లేవి అది కళ్లారా చూసినాడు. ఏ ప్రార్థన గొణుక్కున్నాడో, పోయి లారీ తోలినాడు.

మొదటి మలుపు. వెనక ట్రాక్టరు చక్రాలు మలుపుకు సరిగా తిరిగినాయి. రెండో మలుపులో దుమ్ములోంచి బ్రేకు పెడలు కిర్రుమనింది... తొక్కి, వదిలి, తొక్కి. కాశన్న తొక్కే తీరు అదే. సిద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మూడో మలుపు దాటినాక బేతంచెర్ల స్టేషను దీపాలు కనపడినాయి.

గూడ్సు పక్కన లారీ ఆపి, లేవి కత్తి తెచ్చి ముడుల దగ్గర తాడు కోసినాడు. కోసిన తాడును చుట్ట చుట్టి ట్రాక్టరు సీటు మీద పెట్టినాడు. హమాలీలు వచ్చి ట్రాక్టరును పెట్టెలోకి తోసినారు. తలుపు పడింది. బండి కూత వేసి, కొంచెం కొంచెంగా చీకట్లోకి పోయింది.

దేవేంద్రప్ప లారీలోనే కూచుని ఉన్నాడు. అతని కుడి చెయ్యి ఒళ్లోంచి లేచింది. బండి పోయిన వైపుకు చాచుకుంది, భుజం దాకా బిగిసి. మళ్లీ ఒళ్లో పడింది. మళ్లీ లేచింది. ఒక్కొక్కసారే.

"సిద్దీ... పట్టుకోవే..."

ఆమె పట్టుకోలేదు. తన చెయ్యి తీసి, తాడు ఒరుసుకుని చర్మం తెగిన చోటు పైకి వచ్చేటట్టు, అతని చేతి పక్కనే చాచి పెట్టుకుంది. తెల్లారేదాకా అట్లనే కూచుంది.

ఆ చేతిని ఎవరూ లాగలేదు.