విత్తనపు మడుగు

పొద్దున పాలకేంద్రంలో పాలు పోసే వేళకే ఊరంతా గుప్పుమంది. తిమ్మమ్మ కోడలు కట్టుకున్న మొగుడికే అడ్డం పడిందట, చెరువు మడుగు దగ్గర నీళ్ళు తోడే ఇంజను పైపు మీద కూర్చుని లేవనంటోందట. ఆ కబురు తిమ్మమ్మ చెవిన వేసింది వీధి చివరి చౌడమ్మ. వేస్తూ వేస్తూ, ఇందులో నీ కోడలి తప్పేమీ లేదు వదినా అని కూడా అంది. తిమ్మమ్మకు మొదటి మాట మాత్రమే వినిపించింది. చేతిలో పాలక్యాను అక్కడే దించి, ఇంటిదారి పట్టింది. అరవై ఏళ్ళ బతుకులో తన ఇంటి గుట్టు ఇలా వీధిన పడింది లేదు… ఈ పిల్ల వచ్చి పడేసింది!

జరిగింది ఇదీ. రెండేళ్ళుగా సరైన వాన లేక చెరువు నెర్రెలు విచ్చింది. తూము దగ్గర లోతులో ఒక్క మడుగు మాత్రం మిగిలింది. తిమ్మమ్మ కొడుకు గిరి చీనీతోటలో బోరు పొద్దున ఒక గంట పోసి, ఆపైన గాలి కక్కుతోంది. నూటయాభై బత్తాయి చెట్లూ ఆకు రాలుస్తున్నాయి. ట్యాంకరు పెట్టి తోలుదామంటే బత్తలపల్లె దాకా వెతికినా నీళ్ళు అమ్మేవాడు లేడు. మడుగు నీళ్ళు తోడుకుంటే ఇంకో ఇరవై రోజులు చెట్లు నిలుస్తాయి, ఆలోపు వాన రాకపోతుందా అని గిరి ఆశ. అతనికి చెట్లంటే ఒట్టి చెట్లు కావు. వాళ్ళ నాయన తిప్పయ్య ఒక్కొక్క గుంత తన చేత్తో తవ్వి, బిందెలతో నీళ్ళు మోసి పెంచినవి. తిప్పయ్య పోయి మూడేళ్ళయింది. ఆయన సమాధి కూడా ఆ తోటలోనే, మెరక మీద, ఆయన మొట్టమొదట నాటిన చెట్ల మధ్యనే ఉంది.

మడుగేమో గిరిది కాదు, ఊరిది. ఉగాది దాటాక చెరువుకు కొత్తనీళ్ళు వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు, వల వేయకూడదు, ఇంజను పెట్టకూడదు. ఈ కట్టు పెట్టించింది గిరి భార్య ఉమాదేవే. ఆమెది సముద్రం ఒడ్డు ఊరు. ఒక కరువు ఏడు గిరి అటు కూలికి పోయి, పడవల రేవులో ఐసు పెట్టెలు మోస్తూ ఆమెను చూసి, ఇష్టపడి చేసుకున్నాడు. చేపను కోయడం కూడా తెలియని ఈ మెట్ట ఊరికి వచ్చాక, నిండిన చెరువును చూసి ఆమె ఊరుకోలేదు. తొమ్మిదిమంది ఆడవాళ్ళను కూడగట్టి చేపల సంఘం పెట్టించింది, వల అల్లడం నేర్పింది. మా సముద్రంలోనే ఎండాకాలం రెండు నెలలు మరపడవలు కదలవు, గుడ్డు పెట్టే కాలంలో తల్లిని పట్టకూడదు, ఈ చెరువెంత అని నచ్చజెప్పింది. ఇల్లిల్లూ గంగమ్మ రాయి మీద చెయ్యేసి సరేనంది. అందులో గిరి చెయ్యి కూడా ఉంది.

ఉమాదేవి పైపు మీంచి లేవకపోయేసరికి ఆ పూట గిరి ఇంజను వెనక్కి తోలుకొచ్చాడు. భార్య ఊడ్చిన వాకిట్లోనే దాన్ని నిలిపి, ఆమె వడ్డించిన అన్నం ముందు నుంచి లేచిపోతూ ఒకే మాట అన్నాడు.

“నీకు చేపలే కావాలంటే మీ సముద్రం కాడికే పో. ఈడ మా నాయన చెట్లు సస్తాండాయి.”

ఉమాదేవి కంచం తీసింది, ఎంగిలి కడిగింది, దొడ్లో గేదెకు కుడితి పెట్టింది. పుట్టింటికి పోతుందేమోనని తిమ్మమ్మ ఓరకంట కనిపెడుతూనే ఉంది. ఆమె గుడ్డలు సర్దుకోలేదు. మరునాడు తెల్లారేసరికి మళ్ళీ మడుగు గట్టు మీద ఉంది. ఎందుకంటే గిరి తోడితే పక్కతోట ఓబిలేష్ తోడుతాడు, ఓబిలేష్ తోడితే ఊరంతా తోడుతుంది. ఓబిలేష్ అప్పుడే పైపులు భుజాన వేసుకుని, గిరి ఏం చేస్తాడా అని చూస్తున్నాడు.

ఇక తిమ్మమ్మ వల్ల కాలేదు. కోడల్ని చెయ్యి పట్టి లాక్కొచ్చేద్దామనే బయలుదేరింది. దారి పొడవునా అనాల్సిన మాటలన్నీ కూర్చుకుంది. ఏడేళ్ళుగా కడుపులో దాచుకున్నవి కూడా అందులో ఉన్నాయి, ఈ పిల్ల మాట తీరు, నీచు వాసన, తమను కాదని కొడుకు తెచ్చుకున్న వైనం. తీరా మడుగు చేరేసరికి కోడలు కొంగు నెత్తిన కప్పుకుని, ఎండలో, కళ్ళు వాచి, ఒంటరిగా కూర్చుని ఉంది. తిమ్మమ్మ పక్కన చతికిలబడింది.

మడుగులో నీళ్ళు బురదగా ఉన్నాయి. అప్పుడప్పుడు ఒక నల్లటి మూతి పైకొచ్చి గాలి పీల్చి మునుగుతోంది.

“కొరమీన్లు అత్తయ్యా,” అంది ఉమాదేవి. “ఇరవయ్యో ముప్పయ్యో ఉంటాయి. బురదలో కూడా బతుకుతాయి గాని, నీళ్ళు తోడితే తేలిపోతాయి, అందరూ పట్టుకుపోతారు. వాన పడితే ఇవే చెరువంతా పిల్లల్ని పెడతాయి. మా ఊళ్ళో మా నాన్న వాళ్ళు దోమతెరలాంటి వలలు వేసి చిన్నదీ పెద్దదీ ఊడ్చేశారు. ఇప్పుడాయన పట్నంలో అపార్టుమెంటు గేటు దగ్గర కాపలా కూర్చుంటున్నాడు. పడవ ఇసకలో పుచ్చిపోయింది. నాకు మీ చెట్ల మీద పగ లేదత్తయ్యా… మామయ్య చెట్లవి. నాకూ ఏడుపొస్తోంది.”

తిమ్మమ్మ ఆ నల్లటి మూతుల వంక చూసింది. చూస్తూ చూస్తూ అడిగింది.

“అంటే ఇవి ఇత్తనం కాయలా?”

ఉమాదేవి తలెత్తింది. తిమ్మమ్మ ఆమెను చూడటం లేదు. ఆమె కళ్ళ ముందు ఎప్పటి కరువో తిరుగుతోంది. గిరికి అప్పుడు ఆరేళ్ళు. ఇంట్లో గింజ లేదు, అటక మీద మాత్రం విత్తనానికి దాచిన వేరుశెనక్కాయల మూట ఉంది. పిల్లవాడు ఆకలికి ఏడ్చాడు. నాలుగు కాయలు వేయించి పెట్టమని తిప్పయ్య అడిగాడు. తిమ్మమ్మ పెట్టలేదు. నిచ్చెన తీసి దాచేసి, మూట కింద మంచం వేసుకుని పడుకుంది. కన్నకొడుకు కంటే నీకు కాయలెక్కువా, నువ్వు తల్లివేనా అని తిప్పయ్య అన్నాడు. పది రోజులు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది గాని దాచిన నిచ్చెన బయట పెట్టలేదు. ఆ ఏడు వాన పడ్డప్పుడు ఊళ్ళో విత్తనం ఉన్న ఇల్లు వాళ్ళదొక్కటే. ఆ పంటతోనే తేరుకున్నారు, ఆ పంటతోనే బోరు వేశారు. కాని నీవల్లే బతికామని ఒక్కరు కూడా, చివరికి తిప్పయ్య కూడా, ఆమెతో అనలేదు.

“లేయి పాపా, ఎండ కాల్తాంది,” అంది తిమ్మమ్మ. “నీ బదులు ఈడ చౌడమ్మను కూచోబెట్టి వస్తా. నువ్వింటికి పోయి ఏమన్నా తిను.”

సాయంత్రం ఆమె తోటకు పోయింది. పాత చీరను పేలికలుగా చింపి ఒళ్ళో వేసుకుంది. బోరు గంటసేపు పోసే నీళ్ళు ఎన్ని చెట్లకు సరిపోతాయో ఆమెకు తెలుసు. కాలువకు దగ్గరగా, పల్లంలో ఉన్న అరవై చెట్లకు ఒక్కొక్క పేలిక కట్టింది. గిరి వచ్చేసరికి చివరి ముడి వేస్తోంది. పేలిక ఉన్నవి ఉంచాలి, లేనివి కొట్టెయ్యాలి. అతనికి చెప్పకుండానే అర్థమైంది. మెరక వైపు చూశాడు. అక్కడ ఒక్క చెట్టుకూ పేలిక లేదు.

“నాయన చుట్టూరా ఉండేటివి గూడానా మా?”

“ఆడికి నీళ్ళెక్కవు. మీ నాయనకు తెలుసులే.” తిమ్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఆ పొద్దు నువ్వు ఏడిస్తే నేను కాయలు ఇయ్యలేదు. ఇప్పుడు నీ పెండ్లాం అదే పని చేస్తాంది. నన్ను అన్నట్టే దాన్నీ అంటాండావు.”

గిరి తలొంచుకుని నిలబడ్డాడు.

“అటక మీద ఆ కాయల వాసన నాకింకా గుర్తుండాది మా. నీ మీద శానా కోపమొచ్చినాది. నువ్వు ఏడిస్తే గూడా చూసినా. మేము బతికింది నీవల్లే అని నాకు తెలుసు… ఎట్ల చెప్పాల్నో తెలీక చెప్పలేదు.”

ముప్పై ఏళ్ళకు అందిన మాట అది. తిమ్మమ్మ చెట్టు మొదట్లో కూలబడి కరువుతీరా ఏడ్చింది. గిరి పక్కన కూర్చున్నాడు. తెల్లారి గొడ్డలి పట్టి, వారం రోజుల్లో తొంభై చెట్లూ తనే కొట్టాడు, కూలీలను పిలవలేదు. గిరి ఇంజను వాకిట్లోనే ఉండటం చూసి ఓబిలేష్ కూడా పైపులు ఇంటికి మోసుకుపోయాడు. కొట్టిన కట్టెను గిరి పెరట్లో పేర్చాడు. మామయ్య చెట్లవని ఆ కట్టెను ఉమాదేవి మాత్రం ముట్టలేదు. పొయ్యిలోకి కంపపుల్లలే ఏరుకొచ్చేది.

వాన జూన్‌లో రాలేదు, జూలైలోనూ రాలేదు. ఆగస్టు సగంలో వచ్చింది, వచ్చి నాలుగు రోజులు కురిసింది. రెండు వారాలకు, జల్లు పడుతుంటే, గట్టు మీద నిలబడి గిరి చూశాడు. ఎర్రటి చేపపిల్లల గుంపొకటి నీటి పైన కదులుతుంటే, అడుగున రెండు పెద్ద కొరమీన్లు కాపలా తిరుగుతున్నాయి. ఇంటికొచ్చి భార్యను వెంటబెట్టుకుపోయి చూపించాడు. తప్పయిందని అన్నాడో లేదో తిమ్మమ్మకు తెలియదు గాని, వచ్చేటప్పుడు ఇద్దరూ ఒకే గొడుగు కింద వచ్చారు.

సంక్రాంతి దాటాక సంఘం ఆ ఏటి మొదటి వల వేసింది. ఇంటి వాటాకు వచ్చిన చేపను ఉమాదేవి కోసి, కడిగి, పెరట్లో కట్టెలపొయ్యి ముందు కూర్చుంది. కంపపుల్లలు తడిగా ఉండి పొగ చిమ్ముతున్నాయి. తిమ్మమ్మ లేచి కట్టెల పేర్పు దగ్గరికి పోయింది. పైనున్న చీనీ కట్టెను తీసి, కాసేపు చేత్తో నిమిరి, తెచ్చి పొయ్యిలో పెట్టింది.

“ఎండిన కట్టె, బాగా మండుతాది,” అంది. “నువ్వు పులుసు చెయ్ పాపా.”