పాకం ముదరకముందే

నూకరత్నం కొలిమిలోంచి ఒక బొట్టు తీసి దీపం కింద పెట్టింది. నీలం. ఇంకా లేతపాకమే.

రెండు వందల ఎనభై డిగ్రీల నూనెలో చుక్కలు పెరుగుతున్నాయి. చీమ తలకాయ మీద ఊరంతా కలిసి జాతర చేసుకోవచ్చు, అంత చిన్నవి. పొడి ఒకటే, నూనె ఒకటే. పొట్టివి నీలంగా, కాస్త ఎదిగినవి పచ్చగా, బాగా లావెక్కినవి ఎర్రగా మెరుస్తాయి. ఎప్పుడు దించాలో తెలియడమే పనితనం. దించిన ఘడియనిబట్టే పుట్టిన బిడ్డ మణికట్టులో పోసే రంగు, రంగునుబట్టే నీళ్లు. గడప దగ్గర దీపం చేతిమీద పడగానే నీలానికి ఊటనీళ్ల కుళాయి తెరుచుకుంటుంది. ఎరుపుకి తిరుగునీళ్లు. అవి ఎన్ని కడుపులు చూసొచ్చాయో లెక్కేస్తే వాడంతా చుట్టాలైపోతామని ఎర్రవాడలో వేళాకోళం. ఆ వేళాకోళం ఆడినవాళ్లలో యాభై దాటినవాళ్లు తక్కువ.

ఇవాళ్టి వంట ఎరుపు. వాడలో ఈ వారం పుట్టిన మూడు వందల పన్నెండు మందికి. అందులో ఒకతె నూకరత్నం కూతురు పైడితల్లి కన్న పిల్ల. నాలుగు రోజులది.

తలుపు తోసుకుని రంగుల తనిఖీ అధికారి సింహగిరి వచ్చాడు. నూకరత్నం కొడుకే.

"ఎందాకా వచ్చింది?"

"నీలం మీదుంది. కూర్చోండి బాబుగారూ. ఒకప్పుడు నా ఒళ్లో ఉచ్చపోసినోరే కదా."

"డ్యూటీలో అవేం మాటలు?" అని గొంతు తగ్గించాడు. "చెల్లికి పిల్ల పుట్టిందట. చెంచా తీసుకో. నేనటు తిరుగుతాను."

పాకం నీలం మీదుండగా వంటమనిషి తనింటి బిడ్డకి ఒక్క చెంచా తీసుకోవచ్చు. కాయితం మీద ఉండదు, అందరికీ తెలుసు. ఆ చెంచాకే వంటవాళ్లు మూడు తరాలుగా నోరు మూసుకున్నారు. సింహగిరీ చెంచా బిడ్డే. బడికెళ్లిన ఏడాదే నీలపు గడప దాటాడు. ఆ తర్వాత తల్లి ఇంట గుక్కెడు నీళ్లు ముట్టలేదు.

నూకరత్నం చెంచా అందుకుంది. "దీన్నీ నీలాగే చెయ్యమంటావా?"

"నాకేం తక్కువైంది?"

"నీకేం తక్కువ కాలేదు నాయనా."

చెంచా బల్లమీద పడేసి చల్లనూనె మీట తిప్పింది. కొలిమి మొత్తం చుయ్యిమని చల్లారింది. చుక్కలు ఎక్కడివక్కడ పెరగడం మానేశాయి. మూడు వందల పన్నెండు మందికీ.

"నీకు మతిపోయిందా! అందరూ నీలమైతే ఊటనీళ్లు ఎవరికి సరిపోతాయి?"

"ఇన్నాళ్లూ ఎవరికి సరిపోయాయి?"

గోడలోని రిజిస్టరు యంత్రం పలికింది. "తనిఖీ అధికారి రంగు చెప్పాలి."

నీలపువాడి మాటకి సాక్ష్యం అక్కర్లేదు, అది చట్టం. ఎరుపంటే సీసాలు నేరుగా పురిటి వార్డుకి పోతాయి. మధ్యలో ఎవరూ చూడరు, ఇక దీపం పడేది గడప దగ్గరే. నీలమంటే విచారణ. తవ్వడం మొదలెడితే ఈ కొలిమి దగ్గర ఆగరు. పాత వంటలూ, పాత చెంచాలూ, ఏ మణికట్టు ఎక్కణ్ణించి వచ్చిందో అంతా పైకొస్తుంది.

ఒక్కసారి తనవైపు చూస్తాడేమోనని నూకరత్నం కొడుకు మొహమే చూస్తూ నిలబడింది.

"ఎరుపు" అన్నాడు సింహగిరి, చొక్కా చెయ్యి మణికట్టు మీదికి లాక్కుంటూ.

సీసాలు సీలుపడి వార్డుకి కదిలాయి. ఆమె గరిటె కడగడానికి వంగింది. కొడుకు తల్లిని కాచాడని రేపు వాడంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. వాడు కాచుకున్నది తన చెంచాని.